కాలమజూ మాండలిన్లు

మొన్న ఆదివారం మెట్ల కింద అలమరలోంచి పాత మాండలిన్ పెట్టె ఒకటి బయటికి లాగి మూత తీయగానే కర్పూరం వాసన గుప్పుమంది. గుళ్లో హారతి వాసన లాంటిదే గానీ, దాని అడుగున ముక్కును గుచ్చే ఘాటు ఒకటి ఉంటుంది. వంటింట్లోంచి మా ఆవిడ "మళ్లీ ఏదైనా చెడిపోతోందా?" అంది. ఇన్నేళ్లలో ఆమెకీ ఆ వాసన అలవాటైపోయింది.

వందేళ్ల కిందటి గిబ్సన్ కంపెనీ మాండలిన్లకి తీగల పక్కన తాబేటి చిప్ప రంగులో ఒక పలక ఉంటుంది, తీగలు మీటే పిక్ తగిలి చెక్క గీసుకుపోకుండా. అది సెల్యులాయిడ్. నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి తయారు చేసేవాళ్లు. దశాబ్దాల పాటు ఏమీ కాదు, ఒక్కోటి ఉన్నట్టుండి కుళ్లడం మొదలెడుతుంది. దీపం దగ్గర పెట్టి చూశాను. పలక లోపలంతా సన్నటి పగుళ్లు, అంచులు వేలు తగిలితే కలకండ పలుకుల్లా రాలుతున్నాయి. దాని పైనుంచి పోయే తీగలు ఆ కాస్త మేరా పచ్చబారాయి. పలకని పట్టి ఉంచిన పిన్ను తుప్పు పట్టింది. అలాంటప్పుడు ఆలస్యం చెయ్యకుండా పలక ఊడదీసి, వేరే చోట దూరంగా పెట్టాలి. లేకపోతే ఆ ఆవిరికి అదే పెట్టెలో ఉన్న లోహం అంతా పోతుంది.

ఇది నాకు నేర్పిన పెద్దాయన ఈ వసంతంలో పోయారు. పెట్టె తెరిచిన ప్రతిసారీ ముందు వాసన చూడమనేవారు, ఆ తర్వాతే దీపం తెమ్మనేవారు. ఆయన పేరు రాయను. మిషిగన్ రాష్ట్రంలో కాలమజూ ఊళ్లోని గిబ్సన్ ఫ్యాక్టరీలో పనిచేసి, ఫ్యాక్టరీ టెన్నెసీకి తరలిపోయినప్పుడు వెంట వెళ్లకుండా ఉండిపోయిన మనిషి అని మాత్రం చెప్తాను.

*

నేను మాండలిన్ మొదట చూసింది మాత్రం పాలకొల్లు దగ్గర మా ఊళ్లో, కాలవగట్టు మీద సెలూన్‌లో. సెలూన్ బాబాయ్ పెళ్లిళ్లకి సన్నాయి వాయించేవాడు. ముహూర్తాలు లేని రోజుల్లో మధ్యాహ్నం పూట, గిరాకీ లేనప్పుడు, గోడకి తగిలించిన మాండలిన్ తీసి ఒళ్లో పెట్టుకునేవాడు. అద్దం ముందు పౌడరు డబ్బా, కత్తి సాన పట్టే తోలుపట్టీ, మూల మీద రేడియో. రేడియోలో పాట వస్తుంటే దాని వెనకే వెతుక్కుంటూ వాయించేవాడు. రెండేసి తీగలు ఒకేసారి మోగి, చెక్కలోంచి వణుకుతూ వచ్చే ఆ శబ్దానికి నేను స్కూలు సంచీతో గుమ్మంలో నిలబడిపోయేవాణ్ణి. "రారా అబ్బాయ్, ఓసారి నొక్కి చూడు" అని వేలు పట్టుకుని తీగ మీద పెట్టించాడు ఒకరోజు. వేలికొస మీద రెండు గీతలు పడ్డాయి. ఇంటికెళ్లి అమ్మకి చూపించాను.

అదే కాలంలో మా ప్రాంతమంతా ఇంకో కుర్రవాడి గురించి మాట్లాడుకునేది. ఉప్పలపు శ్రీనివాస్, 1969లో పాలకొల్లులో పుట్టినవాడు, ఇంచుమించు నా ఈడువాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేశాడు. "మాండలిన్ మీద కీర్తనలేమిటి?" అని మొదట్లో పెద్దవాళ్లు పెదవి విరిచారు. తర్వాత వాళ్లే రేడియో చుట్టూ కూర్చున్నారు. మా నాన్నగారు గొంతు తగ్గించి "విను, గమకం ఎలా పలికిస్తున్నాడో విను" అనేవారు. నాకప్పుడు గమకం అంటే ఏమిటో తెలీదు. సెలూన్‌లో విన్న వాయిద్యమేనా ఇది అన్న ఆశ్చర్యం మాత్రం గుర్తుంది.

*

వైటూకే (2000 సంవత్సరం కంప్యూటర్ల బెడద) హడావిడిలో అమెరికా వచ్చిపడ్డవాళ్లలో నేనొకణ్ణి. డెట్రాయిట్ పక్కన అపార్ట్‌మెంట్, నలుగురం బ్రహ్మచారులం, ఒక కుక్కరు. శని ఆదివారాలు ఏం చెయ్యాలో తోచేది కాదు. చిన్న చిన్న ఊళ్లలో పాత సామాన్ల దుకాణాలు ఉంటాయి, అవి చూసుకుంటూ తిరిగేవాణ్ణి. అలాంటి ఒక దుకాణంలో కుట్టుమిషను బల్ల కింద నల్ల పెట్టె కనిపించింది. తెరిస్తే లోపల రంగు వెలిసిన మఖమలు, అందులో గుమ్మడిపండు రంగు పైచెక్కతో ఒక మాండలిన్. గుండ్రటి రంధ్రంలోంచి చూస్తే లోపల కాగితం మీద కాలమజూ, మిషిగన్ అని ఉంది. మా ఆఫీసు దగ్గర్నుంచి రెండు గంటల దూరంలో ఉన్న ఊరు!

అప్పటిదాకా మాండలిన్ అంటే మద్రాసు నుంచి వచ్చే వస్తువు అనుకునేవాణ్ణి. తర్వాత చదువుకుంటే తెలిసింది, ఇటలీ వాళ్ల మాండలిన్‌కి వెనక గిన్నెలాంటి డొప్ప ఉండేది, సన్నటి చెక్కపేళ్లు వంచి అతికించేవాళ్లు. కాలమజూలో ఉండే ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన ఆ పద్ధతి వదిలేసి, వయొలిన్‌కి చేసినట్టు మందపాటి చెక్కని పైనా వెనకా తొలిచి ఉబ్బుగా చెక్కాడు. 1898లో దానికి పేటెంటు వచ్చింది. 1902లో ఆయన పేరుతో కంపెనీ పెట్టారు. వాటిలో 'ఏ' (A) రకం అంటే నీటిబొట్టు ఆకారంలో సాదాగా ఉండేది, 'ఎఫ్' (F) రకం అంటే భుజం దగ్గర చెక్క చుట్టలా తిరిగి, పక్కన మొనలు ఉండేది. నాకు దొరికింది 'ఏ' రకం.

వాటిని ఎవరు కొన్నారో తెలిశాక నాకు ఆ వాయిద్యం మీద ప్రేమ ఇంకా పెరిగింది. ఊరూరా మాండలిన్ క్లబ్బులు ఉండేవి. సంగీతం మాస్టార్లే కంపెనీకి ఏజెంట్లు, శిష్యులకి వాయిదాల మీద ఇప్పించేవారు. మాండలిన్లతో పాటు మాండోలా, మాండోసెల్లో, మనిషెత్తు మాండోబేస్ కూడా పెట్టుకుని వాద్యబృందంలా కూర్చుని వాయించేవాళ్లు. గుమాస్తాలు, టీచర్లు, కొట్లలో పనిచేసే ఆడపిల్లలు, అందరూ మామూలు మనుషులు. నా మాండలిన్ మెడ మీద మొదటి మూడు మెట్ల (వేళ్లు నొక్కే చోట అడ్డంగా ఉండే లోహపు పట్టీల) దగ్గర వార్నిష్ పూర్తిగా పోయి చెక్క తేలింది. పైకి పోయేకొద్దీ కొత్తదిలా మెరుస్తుంది. ఎవరో ఏళ్ల తరబడి ఆ మూడు మెట్ల మధ్యే వాయించారు. ఇంటికి తెచ్చిన రాత్రి నేనూ అక్కడే వేళ్లు పెట్టి, మిగతా ముగ్గురూ నిద్రపోయాక, నెమ్మదిగా మీటాను. సెలూన్ శబ్దం కంటే లోతుగా, గుండ్రంగా ఉంది. అది మనసులో పడిపోయింది.

*

మిషిగన్ రాజధాని ల్యాన్సింగ్‌లో ఎల్డర్లీ ఇన్‌స్ట్రుమెంట్స్ అని పేరున్న దుకాణం ఉంది, 1972లో పెట్టారు. గోడల నిండా వేలాడే పాత వాయిద్యాలని ఎవరైనా దించి వాయించి చూసుకోవచ్చు. పెద్దాయన నాకు అక్కడే తారసపడ్డారు. నేను ఒక మాండలిన్‌ని ముందునుంచీ వెనకనుంచీ తిప్పి చూస్తుంటే, పక్కకొచ్చి, "ముందు దాని భుజం పట్టుకుని మెడ వెంట చూడు, వంగిందో లేదో" అన్నారు.

1920ల మొదట్లో గానీ గిబ్సన్ వాళ్లు మెడ లోపల ఉక్కు కడ్డీ పెట్టలేదు. టెడ్ మెక్‌హ్యూ అనే ఉద్యోగి దాన్ని కనిపెట్టాడు. అంతకు ముందు చేసినవాటికి చెక్క బలమే బలం. అందుకే మెడ అంత లావుగా, అరచేతిలో కోసుగా తగులుతుంది. ఎనిమిది తీగల లాగుడు అన్నేళ్లు భరించి, కొన్ని వంగిపోయాయి, చాలావాటికి ఏమీ కాలేదు. ఆయన ఒక్కోదాన్నీ చూస్తూ ఇవన్నీ చెప్పేవారు. 'ఏ' రకాల్లో చాలావాటికి వెనక చెక్క బర్చ్ అనీ, మేపుల్ అని పొరబడతారనీ, లోపల మెడ దిమ్మ మీద ఉండే నంబరు ఎక్కడ వెతకాలో, అన్నీ.

ఆయన పనిచేసే చోటు ఇంటి వెనక గరాజు. మంచు కురిసే శనివారాలు అక్కడ గడిపినంత హాయిగా నేను ఇంకెక్కడా గడపలేదు. మూలన చిన్న పొయ్యి మీద జిగురు గిన్నె. తోలు ఉడికించి తీసిన జిగురు పలుకులు నీళ్లలో నానబెట్టి, మరగనివ్వకుండా సన్నటి వేడి మీద ఉంచేవారు. ఆ వాసన అందరికీ పడదు. ఆ జిగురే ఎందుకంటే, వందేళ్ల తర్వాత ఇంకెవరైనా విప్పాల్సి వస్తే తేమ, వేడి తగిలిస్తే చాలు, చెక్క చెడకుండా ఊడి వస్తుందని. కొత్తరకం జిగుర్లతో అతికించిన మాండలిన్ ఎవరైనా తెస్తే ఆయన ముఖం వాడిపోయేది.

ఒకసారి పైచెక్క నిలువునా పగిలిన మాండలిన్ వచ్చింది. రంధ్రంలోంచి చిన్న బల్బు లోపలికి దించి, గరాజు లైటు ఆర్పేశారు. పగులు పొడవునా వెలుతురు సన్నటి గీతలా బయటికి కనిపించింది. పళ్ల డాక్టర్లు వాడే అద్దం లోపలికి పెట్టి వెనకవైపు నాకు చూపించారు. జిగురు పగులు మీద రాసి, బొటనవేలితో అటూ ఇటూ కదిపి లోపలికి దిగేలా చేశారు. తర్వాత వేలిగోరంత స్ప్రూస్ చెక్క ముక్కలు లోపలివైపు అడ్డంగా అతికించారు. అంతసేపూ ఆయన ఊపిరి శబ్దం, రేడియోలో బేస్‌బాల్ కామెంటరీ, అంతే. పగులు మూసుకున్నాక వేలి కణుపుతో పైచెక్క మీద రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇప్పుడు మాట్లాడుతుంది" అన్నారు.

డబ్బు గురించి ఆయనకి పట్టింపు ఉండేది కాదు. ఇంటికి తీసుకెళ్లి రోజూ వాయించాలి, అదొక్కటే షరతు.

*

కాలమజూకి ఆయనే తీసుకెళ్లారు. పార్సన్స్ స్ట్రీట్ మీద ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీ, 1917లో కట్టింది. పొడుగాటి పొగగొట్టం మీద నిలువుగా గిబ్సన్ అన్న అక్షరాలు దూరం నుంచే కనిపించాయి. రోడ్డుకి అవతల కారు ఆపుకుని, కిటికీలు వేలితో చూపిస్తూ ఏ కిటికీ వెనక ఏ పని జరిగేదో చెప్పారు. ఇక్కడ మెడలు చెక్కేవాళ్లు, ఇక్కడ రంగు వేసేవాళ్లు, ఇక్కడ చెక్క ఆరబెట్టేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యానికి వెళ్తే ఆ బల్లల దగ్గర చాలావరకు ఆడవాళ్లే కూర్చుని వాయిద్యాలు చేశారు. పెద్దాయన వాళ్ల అమ్మగారు కూడా ఆ రోజుల్లో అక్కడే పనిచేశారట. సాయంత్రం ఆవిడ ఇంటికొస్తే జుట్టులో చెక్కపొడి ఉండేదనీ, తను దాన్ని ఊదేవాణ్ణనీ చెప్తూ నవ్వారు.

1984లో అక్కడ ఫ్యాక్టరీ మూతపడింది. పని టెన్నెసీలోని నాష్‌విల్‌కి పోయింది. ఊళ్లో ఉండిపోయిన కొందరు పనివాళ్లు మరుసటి ఏడాది అదే భవనంలో హెరిటేజ్ పేరుతో గిటార్లు చెయ్యడం మొదలెట్టారు. పెద్దాయన మాత్రం సొంతంగా రిపేర్లకి దిగారు. ఆ ఆఖరి రోజుల గురించి అడిగితే కాసేపు ఊరుకుని, యంత్రాలు ఆగిపోయాక ఆ గదులు ఎంత పెద్దవో అప్పుడు తెలిసిందన్నారు.

*

ఈ పాత మాండలిన్ల మాట ఎత్తితే జనం ఎఫ్-5 గురించే అడుగుతారు. లాయిడ్ లోర్ అనే సంగీతకారుడు 1919 నుంచి 1924 దాకా గిబ్సన్‌లో ఉన్నాడు. 1922లో ఆయన ఆధ్వర్యంలో ఎఫ్-5 వచ్చింది. గుండ్రటి రంధ్రం పోయి వయొలిన్‌కి లాగా రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు వచ్చాయి. ప్రతిదాని లోపలా తేదీ వేసి ఆయన సంతకం చేసిన కాగితం. అయితే అప్పటికే డాన్సు బ్యాండ్ల హోరులో జనం బ్యాంజో వైపు తిరిగారు, మాండలిన్ క్లబ్బులు మూతపడుతున్నాయి. ఎఫ్-5లు అనుకున్నట్టు అమ్ముడుపోలేదు.

వాటిలో ఒకటి, 1923 జులై 9 తేదీ ఉన్నది, 1940లలో ఫ్లోరిడాలో ఒక మంగలి షాపులో అమ్మకానికి పెట్టి ఉంటే బిల్ మన్రో కొన్నాడు. కెంటకీ రాష్ట్రంలోని రోజీన్ ఊరివాడు, బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతశైలికి ఆద్యుడు. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. కాలవగట్టు సెలూన్, పౌడరు డబ్బా, గోడకి మాండలిన్, అన్నీ కళ్ల ముందు కదిలాయి. పెద్దాయనకి మా ఊరి బాబాయ్ గురించి చెప్తే శ్రద్ధగా విని, ఆయన దగ్గరున్నది ఏ కంపెనీది, వెనక గుండ్రమా బల్లపరుపా అని వరసపెట్టి అడిగారు.

1985లో ఎవరో మన్రో ఇంట్లో చొరబడి ఆ మాండలిన్‌ని పొయ్యిలో కట్టెలు కదిపే ఇనప కడ్డీతో చితక్కొట్టారు. గిబ్సన్‌లో పనిచేసే చార్లీ డెరింగ్టన్ ఆ ముక్కలన్నీ ఏరి, నెలల తరబడి కూర్చుని మళ్లీ నిలబెట్టాడు. మన్రో దాన్నే పట్టుకుని మళ్లీ స్టేజీ ఎక్కాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం అది. ఇవాళ లోర్ సంతకం ఉన్న ఎఫ్-5 ధర లక్ష డాలర్లు దాటి చాలా కాలమైంది. చాలావరకు తాళం వేసిన గదుల్లో ఉంటున్నాయి. పెట్టుబడిగా కొని తీగలు కూడా బిగించని వాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చెక్క కదలాలి. ఏళ్లపాటు మూలన పడి ఉన్న మాండలిన్‌ని చేతికి తీసుకుంటే మొదట శబ్దం బిగుసుకుని వస్తుంది, వారం రోజులు వాయించాక విచ్చుకుంటుంది. ఇది నా చెవులతో విన్నాను.

నేను పోగుచేసినవన్నీ సాదా రకాలే. పెన్సిల్వేనియాలోని నజరెత్ ఊరి నుంచి వచ్చిన బల్లపరుపు వీపు మార్టిన్, షికాగోలో చేసిన లయన్ అండ్ హీలీ, బిరడాల వైపు తల సన్నబడే 1920ల గిబ్సన్ ఒకటి. పాముతల అంటారు దాన్ని. గుండ్రటి రంధ్రం ఉన్న 'ఏ' రకమే నాకు ప్రాణం.

*

లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) తర్వాతి వారాంతంలో మిషిగన్ మధ్యలో రీమస్ దగ్గర వీట్‌ల్యాండ్ సంగీతోత్సవం జరుగుతుంది. స్టేజీ కంటే గుడారాల మధ్యే అసలు సంగీతం. చీకటి పడ్డాక పెట్రోమాక్స్ లాంటి దీపాల చుట్టూ ఫిడేలు, బ్యాంజో, గిటారు, అడుగున పెద్ద బేస్. ఒకరు శ్రుతి పేరు కేకేస్తారు, పాట మొదలైపోతుంది. కాగితాలు లేవు, వింటూ అందుకోవాలి. మన భజన గోష్ఠిలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవడం చూసిన నాకు అక్కడ కొత్త అనిపించలేదు. మాండలిన్ వాళ్లు తాళం మధ్య దెబ్బ మీద తీగల్ని టక్కున కొట్టి అంతే వేగంగా నొక్కి ఆపుతారు. చాప్ అంటారు దాన్ని. డోలు లేని లోటు అదే తీరుస్తుంది. ఎఫ్-5కి అది బాగా పలుకుతుంది. గుండ్రటి రంధ్రం ఉన్నవాటికి మోత ఆగకుండా సాగుతుంది కాబట్టి అంత పదునుగా రాదు. నేను చాప్ కొట్టబోతే పెద్దాయన మోచేత్తో పొడిచి, "దానితో పాట వాయించు, దెబ్బలు వాళ్లు కొడతారు" అన్నారు.

2014 సెప్టెంబరులో శ్రీనివాస్ పోయారన్న వార్త ఆఫీసులో ఉండగా చూశాను. నలభై అయిదేళ్లకే! ఆ సాయంత్రం నేరుగా గరాజుకి వెళ్లి, రికార్డింగు ఒకటి పెట్టాను. పెద్దాయన జిగురు బ్రష్ పక్కన పెట్టి, పూర్తయ్యేదాకా కదల్లేదు. "జంట తీగలు ఏమయ్యాయి?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. కరెంటు మాండలిన్ అనీ, జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారనీ చెప్పాను. రెండు తీగల్ని ఒకేలా పక్కకి లాగి స్వరం ఊపడం కష్టం, ఒంటి తీగ అయితే వేలికి లొంగుతుంది. ఆయన వెంటనే నా మాండలిన్ అందుకుని జంట తీగల్ని లాగి చూశారు. శ్రుతి చెదిరింది. తల ఊపి, ఇంకోసారి పెట్టమన్నారు.

ఆ చలికాలమంతా నేను గిబ్సన్ మీద కదనకుతూహలం సాధన చేశాను. ఆ రాగంలో స్వరాలు గంతులేస్తూ పోతాయి, పెద్ద పెద్ద గమకాలు అక్కర్లేదు. జారు (ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు జార్చడం) మాత్రం ఈ సన్నటి పాత మెట్ల మీద బాగా కుదురుతుంది. ఊళ్లో త్యాగరాజ ఆరాధనకి ఒక మూల కూర్చుని వాయించాను. పెద్దాయన స్వెటరు వేసుకుని, చెప్పులు విడిచి, మొదటి వరసలో కింద కూర్చున్నారు. పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నారు.

ఆయన పోయాక వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి, గరాజులో మిగిలిన వాయిద్యాలు ఏం చెయ్యమంటారని అడిగింది. వాయించేవాళ్లకే ఇద్దామన్నాను. ఒప్పుకుంది. నా పాముతల కూడా మా పక్కవీధి తెలుగు కుర్రాడికి ఇచ్చాను. హైస్కూల్లో ఉన్నాడు, నాలుగేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాడు. రెంటికీ శ్రుతి ఒకటే కావడంతో వేళ్లు వాటంతట అవే చోటు వెతుక్కున్నాయి. "అంకుల్, దీని మొదటి మెట్ల దగ్గర తీగ గరగరమంటోంది" అని నిన్న తీసుకొచ్చాడు. చూస్తే మొదటి రెండు మెట్లూ బాగా అరిగాయి. ల్యాన్సింగ్‌లో ఇచ్చి వచ్చాం. వీట్‌ల్యాండ్‌కి ముందే చేసిస్తామన్నారు.